బోల్టు ఊరికే తిరుగుతోందా?

ఫోన్ తీసి ఏదైనా షాపింగ్ యాప్‌లో ‘టాప్ సెట్’ అని కొట్టండి. ముందు బాత్రూమ్ కుళాయిలు వస్తాయి. తర్వాత వంటింటి సింకు కుళాయిలు. ఇంకా కిందికి వెళ్తే బంగారు రంగులో మెరిసిపోయే వంద ముక్కల డబ్బా ఒకటి కనిపిస్తుంది. డ్రిల్ బిట్లు, టాపులు, స్క్రూడ్రైవర్ బిట్లు, గోడకి కన్నం వేసే బిట్లు అన్నీ అందులోనే. పైగా సగానికి సగం డిస్కౌంటు. వేలు దానంతటదే ‘బై నౌ’ మీదికి పోతుంది.

ఒక్క నిమిషం ఆగండి. ఈ వారం మన మాటలన్నీ ఆ నిమిషం గురించే.

ముందు పేర్లు తేల్చుకుందాం. మనం మాట్లాడే టాప్ కుళాయి కాదు. రంధ్రం లోపల మర కోసే పనిముట్టు. చూడ్డానికి బోల్టులాగే ఉంటుంది, కాకపోతే ఒంటి మీద నిలువుగా గాడులుంటాయి, బాగా గట్టి ఉక్కుతో చేస్తారు. మర అంటే బోల్టు మీద కనిపించే చుట్లు. కొందరు త్రెడ్ అంటారు, మన హైదరాబాద్ మెకానిక్‌లు ఎక్కువగా ‘చూడీ’ అంటారు. హిందీలో గాజుకీ అదే మాట. ఇక మర అరిగిపోయిన రంధ్రంలో కొత్త మర కోసం దించే లోహపు చుట్టని ఇన్సర్ట్ అంటారు. షాపులో ‘హెలికాయిల్’ అని అడిగితే ఇచ్చేస్తారు. అది ఒక బ్రాండ్ పేరే కానీ, జిరాక్స్‌లాగా వస్తువు పేరైపోయింది.

డ్రిల్లు రంధ్రం వేస్తుంది, టాపు మర కోస్తుంది, ఆ మర పోతే ఇన్సర్టు కాపాడుతుంది. ఈ మూడూ ఒకదానికొకటి సరిపోతేనే పని అవుతుంది. వంద ముక్కల డబ్బాతో వచ్చే అసలు ఇబ్బంది అదే. అందులో ముక్కలు చాలా ఉంటాయి, జతలు ఉండవు.

రెండు రకాల ఇంజినీర్లు

నేనుండేది ఉప్పల్‌లో. పొద్దున మెట్రో స్టేషన్ దగ్గర నాలాంటి ల్యాప్‌టాప్ బ్యాగుల జనం రాయదుర్గం రైలు కోసం పరిగెడుతుంటారు. అదే టైముకి కింద రోడ్డు మీద టిఫిన్ బాక్సులతో ఇంకో జనం ఉప్పల్, నాచారం, మల్లాపూర్ ఇండస్ట్రియల్ ఏరియాల వైపు వెళ్తుంటారు. మేం స్క్రీన్ మీద పని చేస్తాం. వాళ్ళు లేత్ మీద, మిల్లింగ్ మీద చేస్తారు. మధ్యలో దూరం రెండు మూడు కిలోమీటర్లే, కానీ మాకు వాళ్ళ పని గురించి తెలిసింది చాలా తక్కువ.

నాచారంలో హెచ్‌ఎంటీ నగర్ అని ఒక కాలనీ ఉంది. హెచ్‌ఎంటీ అనగానే మనకి తాతయ్య వాచీ గుర్తొస్తుంది. కానీ ఆ మూడక్షరాల వెనక ఉన్న పేరు హిందుస్థాన్ మెషిన్ టూల్స్. 1953లో బెంగళూరులో మొదలైన ఆ కంపెనీ వాచీల కంటే చాలా ముందు లేత్ మెషీన్లు చేసింది. అంటే మన పక్క కాలనీ పేరులోనే మర కోసే యంత్రం దాక్కుని ఉంది.

ఇంజినీరింగ్ ఫస్టియర్‌లో వర్క్‌షాప్ ల్యాబ్ మీలో చాలామంది చేసే ఉంటారు. ఫిట్టింగ్‌లో ఆకురాయితో గంటల తరబడి ఇనప ముక్కని అరగదీసి ‘వి-ఫిట్’ చేయించేవారు. చేతులకి బొబ్బలు, రికార్డులో పది మార్కులు, అంతే. ఆ ల్యాబ్ విలువ నాకు తెలిసింది మాత్రం ఓ బండి బోల్టు దగ్గర.

నాలుగు రోజులా, ఒక గంటా

మా బిల్డింగ్ గ్రౌండ్ ఫ్లోర్‌లో ఒక తమ్ముడుంటాడు, ఫుడ్ డెలివరీ చేస్తాడు. ఓ ఆదివారం నన్ను కిందికి పిలిచి, “అన్నా, ఆయిల్ కారుతోంది, బోల్టు ఎంత తిప్పినా ఊరికే తిరుగుతోంది” అన్నాడు. ఇంజిన్ కింద ఆయిల్ దించే డ్రెయిన్ బోల్టు అది. ఆయిల్ మార్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు పొడుగు పానా పెట్టి గట్టిగా బిగించారు. బోల్టు ఉక్కు, ఇంజిన్ కేసు అల్యూమినియం. ఆ పోటీలో ఎప్పుడూ ఓడేది అల్యూమినియమే.

ఒకచోట చూపిస్తే కేసు మొత్తం మార్చాలి, ఇంజిన్ దించాలి, నాలుగు రోజులు పడుతుంది అన్నారట. నాలుగు రోజులు బండి లేకపోతే వాడికి నాలుగు రోజుల సంపాదన లేదు. ఇంటద్దె, బండి ఈఎంఐ మాత్రం ఆగవు.

బండి తోసుకుంటూ నాచారంలో నాకు తెలిసిన చిన్న షెడ్డుకి వెళ్ళాం. అక్కడ ఒక పెద్దాయన ఉంటారు, అందరూ చిన్నాన్న అంటారు, నేనూ అంతే. ఆయన బోల్టు తీసుకుని దాని మీద రంపపు పళ్ళలాంటి ఒక చిన్న రేకు ఆనించి చూశారు. “బారా ఎం.ఎం., పిచ్ దేడ్” అన్నారు. అంటే 12 మి.మీ. మందం, ఒక చుట్టుకీ ఇంకో చుట్టుకీ మధ్య 1.5 మి.మీ.

తర్వాత ఆ రంధ్రాన్ని కొంచెం పెద్దది చేశారు. ఇన్సర్టు కోసం వచ్చే ప్రత్యేకమైన టాపు గాడుల నిండా గ్రీజు పూసి మెల్లగా దించారు. రజను ఇంజిన్ లోపలికి పోకుండా గ్రీజుకి అంటుకుని బయటికొచ్చింది. మిగిలిందేమైనా ఉంటే కొట్టుకుపోవాలని పైనుంచి కాస్త ఆయిల్ పోసి వదిలారు. చివరికి స్ప్రింగ్‌లాంటి స్టీలు చుట్టని లోపలికి తిప్పి, అంచు కంటే కాస్త లోతులో ఆపారు. అలా లోపలికి ఉంటేనే వాషర్ సాఫుగా కూర్చుంటుంది, ఆయిల్ కారదు.

నేను ఊరికే ఉండలేక, “టాప్ నేను తిప్పనా చిన్నాన్నా?” అన్నాను. ఆయన నవ్వి, “తిప్పు బిడ్డా, గని జోర్ చెయ్యకు. అది ఎంత పోతనంటే అంతే పోనియ్యి. చెయ్యికి చెప్తది” అన్నారు.

గంటలో బండి బయటికొచ్చింది. తమ్ముడు సాయంత్రం షిఫ్టుకి లాగిన్ అయ్యాడు. ఇన్సర్టు చుట్ట స్టెయిన్‌లెస్ స్టీలు, పైగా అది అల్యూమినియాన్ని పట్టుకునే చుట్టుకొలత పాత మర కంటే పెద్దది. అందుకే బాగా వేసిన ఇన్సర్టు చాలాసార్లు మొదటి మర కంటే గట్టిగా ఉంటుంది. విమానాల ఇంజిన్లలో, అల్యూమినియం భాగాల్లో ముందు నుంచే కావాలని వీటిని వేసేది అందుకే.

మర పోవడం వస్తువుకి చావు కాదు. దానికి మందుంది. ఆ మందులో ఎంత భాగం మీ బాల్కనీలో ఉండాలి, ఎంత భాగం చిన్నాన్న షెడ్డులో ఉండాలి అన్నదే తేల్చుకోవాలి.

కొనే ముందు లెక్కపెట్టండి

పనిముట్లు కొనేముందు మీ ఇంట్లో ఏయే మరలున్నాయో చూడండి. మీరనుకున్నంత రకాలు ఉండవు.

మెట్రిక్ మరల పేర్లు ‘ఎం’తో మొదలవుతాయి. ఎం6 అంటే 6 మి.మీ. మందం ఉన్న బోల్టు. సైకిల్‌కి వాటర్ బాటిల్ పట్టుకునే స్టాండు బోల్టు ఎం5. మానిటర్‌ని గోడకి బిగించే స్క్రూలు మామూలుగా ఎం4. ల్యాప్‌టాప్ లోపల ఎం2, ఎం2.5. బండి ప్లాస్టిక్ ప్యానెళ్ళకి, ఇంజిన్ కవర్లకి ఎక్కువగా ఎం5, ఎం6. ఫుట్‌రెస్టుల్లాంటి బరువు మోసే చోట్ల ఎం8.

కొన్ని అంగుళాల మరలు కూడా మనింట్లోకి దూరాయి. ఫోన్ ట్రైపాడ్, కెమెరా కింద ఉండే రంధ్రం పావు అంగుళం, అంగుళానికి 20 చుట్లు. ఎం6 బోల్టు అందులోకి దూరినట్టే ఉంటుంది కానీ పట్టదు. బలవంతం చేస్తే ఆ మర పోతుంది. డెస్క్‌టాప్ కేసులో పవర్ సప్లై బిగించే స్క్రూ అంగుళాల లెక్కది, పక్కనే ఎస్‌ఎస్‌డీ బిగించేది ఎం3. రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఒకదాని చోట ఇంకోటి వాడితే రెండూ పాడవుతాయి. ఇంటి కుళాయి ‘అర అంగుళం’ మర అయితే ఇంకా తమాషా. కొలిచి చూడండి, దాదాపు 21 మి.మీ. వస్తుంది. అర అంగుళం అన్నది పాత రోజుల్లో పైపు లోపలి కొలతని బట్టి వచ్చిన పేరు.

ఈ గందరగోళం ఇవాళ్టిది కాదు. ఇంగ్లాండులో ఎవరి వర్క్‌షాపు వాళ్ళకి ఓ మర ఉన్న రోజుల్లో, 1841లో జోసెఫ్ విట్‌వర్త్ అందరికీ ఒకే మర ఉండాలని ప్రతిపాదించాడు. దాని కోణం 55 డిగ్రీలు. ఇప్పుడు మనం వాడే మెట్రిక్ మర కోణం 60 డిగ్రీలు. మన దేశం 1956 చట్టంతో మెట్రిక్ కొలతల వైపు తిరిగింది. అయినా పాత బుల్లెట్ ఇంజిన్ విప్పితే బ్రిటిష్ అంగుళాల మరలు ఇప్పటికీ పలకరిస్తాయి.

ఇంకో మాట. ఎడమ వైపుకి తిప్పితే బిగిసే మరలు కూడా ఉంటాయి. సైకిల్ ఎడమ పెడల్ అలాంటిదే. చాలా యమహా బళ్ళ కుడి అద్దం కూడా అంతే. విప్పుతున్నాననుకుని బిగించేసి మర పోగొట్టేది ఇక్కడే.

కాబట్టి మొట్టమొదట కొనాల్సింది డ్రిల్లూ కాదు, టాపూ కాదు. ఒక వెర్నియర్ కాలిపర్, చిన్నాన్న దగ్గర చూసిన ఆ రంపపు పళ్ళ పిచ్ గేజ్. మందం ఒకటి చెబుతుంది, చుట్ల మధ్య దూరం ఇంకోటి చెబుతుంది. ఈ రెండు అంకెలూ తెలిస్తే షాపువాడు మీకు తప్పు వస్తువు అమ్మలేడు.

గుర్తుంచుకోవాల్సిన ఒకే ఒక్క లెక్క

టాప్ కోసం ఎంత రంధ్రం వేయాలి? బోల్టు మందంలోంచి పిచ్ తీసేయండి. అంతే.

ఎం6కి మామూలు పిచ్ 1 మి.మీ. ఆరులోంచి ఒకటి పోతే అయిదు. కాబట్టి 5 మి.మీ. డ్రిల్లు. ఎం3 పిచ్ 0.5, డ్రిల్లు 2.5. ఎం4 పిచ్ 0.7, డ్రిల్లు 3.3. ఎం5 పిచ్ 0.8, డ్రిల్లు 4.2. ఎం8 పిచ్ 1.25, డ్రిల్లు 6.8. ట్రైపాడ్ పావు అంగుళం మరకి 5.1. ఈ లైను స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

ఇప్పుడు ఆ వంద ముక్కల డబ్బా మళ్ళీ చూడండి. బిట్లు చాలాసార్లు 3, 4, 5, 6 అని గుండు అంకెల్లో ఉంటాయి. 3.3, 4.2, 6.8 కనపడవు. అంటే ఎం4, ఎం5, ఎం8 టాపులిచ్చి వాటికి సరిపోయే డ్రిల్లు ఇవ్వలేదన్నమాట. తాళం చెవి లేకుండా తాళం అమ్మినట్టు.

రంధ్రం కాస్త చిన్నదైతే మర గట్టిగా వస్తుంది కదా అని అనిపిస్తుంది. రాదు. మెషినిస్టులు ఎప్పటి నుంచో చెప్పే లెక్క ఒకటుంది. నిండా వంద శాతం లోతు మర, 75 శాతం మర కంటే బలంలో ఎక్కువయ్యేది అయిదు శాతమే. కానీ దాన్ని కోయడానికి టాప్ మీద పడే బలం మూడు రెట్లవుతుంది. టాపులు విరిగేది అక్కడే. 5 మి.మీ. రంధ్రంలో ఎం6 టాప్ ఇచ్చేది దాదాపు 77 శాతం మర. అది చాలు.

బలం నిజంగా కావాలంటే లోతు పెంచండి. ఉక్కులో అయితే బోల్టు మందమంత లోతు మర పట్టుకుంటే సరిపోతుంది. అల్యూమినియంలో ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఉండాలి. ఎం6 అయితే 9 నుంచి 12 మి.మీ.

డ్రిల్లు: రంగు చూసి మోసపోవద్దు

బంగారు రంగు అంటే టైటానియం నైట్రైడ్ పూత. మంచి బిట్టు మీద అది నిజంగానే పనికొస్తుంది. చవక బిట్టు మీద మాత్రం అది మేకప్ లాంటిది, లోపలి ఉక్కు మెత్తగానే ఉంటుంది. మీరు చూడాల్సింది ‘హెచ్‌ఎస్‌ఎస్’ అన్న మూడక్షరాలు, అంటే హై స్పీడ్ స్టీల్. స్టెయిన్‌లెస్ స్టీలు మీద పని ఉంటే కోబాల్ట్ కలిపిన బిట్టు తీసుకోండి. ఎం35 అన్న రకంలో దాదాపు 5 శాతం కోబాల్ట్ ఉంటుంది. ఈ ఎం35 ఉక్కు రకం పేరు, మర సైజు కాదు. ఆడిసన్, మిరాండా లాంటి మన దేశపు బ్రాండ్లు విడివిడిగా, కావాల్సిన సైజులో దొరుకుతాయి. ఆడిసన్ 1873లో మద్రాసులో పుట్టిన కంపెనీ.

గోడ బిట్టుని లోహం మీద వాడొద్దు. దాని కొనకి గట్టి కార్బైడ్ ముక్క అతికించి ఉంటుంది, అది సిమెంటుని పొడి చేయడానికి, లోహాన్ని కోయడానికి కాదు. లోహం మీద పని చేసేటప్పుడు మెషీన్ మీద సుత్తి బొమ్మ ఉన్న స్విచ్ తప్పకుండా ఆఫ్‌లో ఉండాలి.

మెషీన్ విషయంలో ఒక్కటే షరతు, స్పీడ్ తగ్గించుకునే వీలుండాలి. మామూలు ఇనుములో 5 మి.మీ. హెచ్‌ఎస్‌ఎస్ బిట్టుకి నిమిషానికి దాదాపు 1,600 తిరుగుళ్ళు చాలు. 10 మి.మీ.కి అందులో సగం, 800. స్టెయిన్‌లెస్ స్టీల్లో 5 మి.మీ. బిట్టుకి 700 దగ్గర ఉండాలి. అల్యూమినియం మాత్రం వేగాన్ని తట్టుకుంటుంది. చాలా ఇళ్ళలో ఉండే గోడ డ్రిల్లు ఫుల్ స్పీడులో మూడు వేల దగ్గర తిరుగుతుంది. అలాగే స్టీలు పళ్ళెం మీద పెడితే కీచుమని అరుస్తుంది, కొన నల్లబడుతుంది, రంధ్రం పడదు. పైగా కోయకుండా రుద్దితే స్టెయిన్‌లెస్ స్టీలు ఆ చోట ఇంకా గట్టిపడిపోతుంది. మెల్లగా తిప్పండి, గట్టిగా నొక్కండి, ఓ చుక్క కటింగ్ ఆయిల్ వేయండి.

బిట్టు జారకుండా ముందు సెంటర్ పంచ్‌తో చిన్న గుంట పెట్టండి. ముక్కని చేత్తో పట్టుకోవద్దు, వైస్‌లో బిగించండి. కళ్ళకి అద్దాలు ఉండాలి. చేతికి గ్లౌజులు మాత్రం వద్దు, తిరిగే బిట్టు గుడ్డని పట్టుకుంటే వేలుని కూడా లాగేస్తుంది. చున్నీ, జుట్టు ముడి వేసుకోండి.

టాప్: తక్కువ కొనండి, మంచిది కొనండి

చేత్తో వాడే టాపులు మూడు కలిపి సెట్‌గా వస్తాయి. మొదటిదాని కొన బాగా సన్నగా దిగుతుంది, తేలిగ్గా రంధ్రంలో కుదురుకుంటుంది. రెండోది మధ్యస్థం. మూడోది కొన దాకా నిండు పళ్ళతో ఉంటుంది, అడుగు మూసుకున్న రంధ్రంలో చివరి దాకా మర కోయడానికి. రంధ్రం అటూ ఇటూ తెరిచి ఉంటే మొదటి రెండూ చాలు.

చవక డబ్బాల్లో వచ్చేవి తరచూ కార్బన్ స్టీలువి. పాత మర శుభ్రం చేయడానికి పరవాలేదు. కొత్త మర కోయాలంటే హెచ్‌ఎస్‌ఎస్ టాప్ కావాలి. టోటెం, ఆడిసన్ లాంటివి అడగండి. ఒక మంచి ఎం6 సెట్టు ఖర్చు, వీకెండ్‌లో ఇద్దరం బిర్యానీ తిన్నంత. అది ఏళ్ళ తరబడి ఉంటుంది, బిర్యానీ ఆ రాత్రికే అయిపోతుంది.

పట్టుకునే హ్యాండిల్ కూడా ముఖ్యమే. ఎం3, ఎం4కి చిన్న ‘టీ’ హ్యాండిల్ తీసుకోండి. పొడుగు హ్యాండిల్‌తో ఎం3 తిప్పితే చేతికి తెలిసేలోపే విరుగుతుంది. టాప్ వంగదు, చెప్పి విరగదు.

తిప్పే పద్ధతి ఇది. రెండు చుట్లు దిగాక చిన్న మూలమట్టం ఆనించి నిటారుగా ఉందో లేదో రెండు వైపుల నుంచీ చూడండి. తర్వాత అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. ఆ వెనక్కి తిప్పినప్పుడు ‘టిక్’మని రజను తెగుతుంది. ఉక్కుకి కటింగ్ ఆయిల్, అల్యూమినియంకి కిరోసిన్ గానీ డబ్ల్యూడీ-40 గానీ. అడుగు మూసుకున్న రంధ్రమైతే మధ్యమధ్యలో టాప్ బయటికి తీసి దులపండి.

ఒకవేళ టాప్ లోపల విరిగితే? దాన్ని మామూలు డ్రిల్లుతో తవ్వలేరు, రెండూ ఒకే రకం ఉక్కు. అల్యూమినియం, ఇత్తడి ముక్కల్లో ఇరుక్కుంటే వాచీలు బాగుచేసేవాళ్ళ పాత చిట్కా ఒకటుంది. గుమ్మానికి దిష్టికి కట్టే పటిక తెలుసు కదా, దాన్ని వేడి నీళ్ళలో చిక్కగా కరిగించి ముక్కని అందులో ఉంచుతారు. గాజు గిన్నె వాడాలి, నీళ్ళు వేడిగానే ఉండాలి. పటిక ఉక్కుని మెల్లగా తినేస్తుంది, ఇత్తడినీ అల్యూమినియాన్నీ దాదాపు ముట్టుకోదు. గంటలు పట్టొచ్చు, హెచ్‌ఎస్‌ఎస్ అయితే ఇంకా ఎక్కువ. ఉక్కు ముక్కలో ఇరుక్కుంటే మాత్రం పటిక రెండింటినీ తింటుంది. అప్పుడు విద్యుత్ మెరుపులతో లోహాన్ని కొరికే స్పార్క్ ఎరోజన్ మెషీన్ ఉన్న షాపు వెతుక్కోవాల్సిందే.

ఇన్సర్టు: ఎక్కడ ఏది

లోహానికి తీగ చుట్ట రకం. కిట్‌గా కొనండి, ఎందుకంటే దీని టాప్ మామూలు టాప్ కాదు. ఎం6 ఇన్సర్టుకి రంధ్రం దాదాపు 6.3 మి.మీ. ఉండాలి. కిట్‌లో రాసి ఉన్న సైజునే నమ్మండి. చుట్టని దించాక పై అంచు నుంచి పావు చుట్టు, అర చుట్టు లోపలికి ఉండాలి. చివర్లో అడ్డంగా ఉండే చిన్న తోకని విరిచి బయటికి తీసేయాలి. ఇంజిన్‌లో అయితే ఆ తోక లోపల పడకుండా చూసుకోండి. ఇంటికి ఎం5, ఎం6 కిట్లు చాలు.

ప్లాస్టిక్‌కి వేరే రకం. 3డీ ప్రింట్ చేసే వాళ్ళకి ఇత్తడి ఇన్సర్టులు తెలిసే ఉంటాయి. సోల్డరింగ్ ఐరన్‌తో వేడి చేసి మెల్లగా దించితే ప్లాస్టిక్ కరిగి దాని గీతల్లోకి చేరి పట్టుకుంటుంది. ఎం3 ఇన్సర్టుకి ఎక్కువగా 4 మి.మీ. దగ్గర రంధ్రం ఉంటుంది, కానీ అమ్మేవాళ్ళిచ్చిన కొలత చూసుకోండి. రంధ్రం ఇన్సర్టు కంటే కాస్త లోతుగా ఉండాలి, కరిగిన ప్లాస్టిక్‌కి చోటు కావాలి.

ల్యాప్‌టాప్ మూత తెరిచేటప్పుడు టప్‌మని విడిపోయే కీలు సమస్య కూడా ఇదే. చాలా మోడళ్ళలో కీలు స్క్రూలు పట్టుకునేది ప్లాస్టిక్‌లో దిగిన చిన్న ఇత్తడి ఇన్సర్టుల్నే. కీలు బిగుసుకుపోతే తెరిచిన ప్రతిసారీ వాటిని పీకుతుంది. ప్లాస్టిక్ పగలకపోతే మళ్ళీ వేడి చేసి దించొచ్చు. పగిలితే ఎపాక్సీతో చుట్టూ గోడ కట్టాలి. ఏది చేసినా ముందు కీలుని కాస్త లూజు చేయాలి, లేకపోతే రోగం అలాగే ఉంటుంది.

ఇంట్లో చేయకూడనివి

బ్రేక్ బిగించే బోల్టులు, చక్రం ఇరుసు, హ్యాండిల్ పట్టుకునే బోల్టులు ఇంట్లో ముట్టుకోవద్దు. ఇన్సర్టు చేతకానిదని కాదు. చేత్తో పట్టుకున్న డ్రిల్లు నూటికి నూరుపాళ్ళు నిటారుగా దిగదు. కవర్ బోల్టు ఒక డిగ్రీ వంగితే ఏమీ కాదు. బ్రేక్ బోల్టు వంగితే ఉప్పల్ రింగ్ రోడ్డు మీద తెలుస్తుంది. గ్యాస్ స్టవ్, సిలిండర్ రెగ్యులేటర్ మరల జోలికి అసలే వెళ్ళొద్దు.

ఆ పనులకి షెడ్డుకి వెళ్ళండి. అక్కడ నిటారుగా దిగే పిల్లర్ డ్రిల్లు ఉంటుంది, వేల రంధ్రాలు వేసిన చేయి ఉంటుంది. వెళ్ళేటప్పుడు బోల్టు చేత్తో పట్టుకెళ్ళండి, ఫొటో కాదు. సైజు, పిచ్ ముందే చెప్తే వాళ్ళు మిమ్మల్ని చూసే చూపు మారుతుంది. చేసిన పనికి డబ్బులివ్వండి, బేరం ఆడితే ఆడండి కానీ ‘పది నిమిషాల పనే కదా’ అని మాత్రం అనొద్దు. మన కోడ్‌లో ఒక్క లైను మార్చి సమస్య తీర్చినప్పుడు మనకెవరైనా అలా అంటే ఎలా ఉంటుంది?

మీ లిస్టు

మొదటి నెల: వెర్నియర్, పిచ్ గేజ్, సెంటర్ పంచ్, కళ్ళద్దాలు, టేబుల్‌కి బిగించే చిన్న వైస్. హెచ్‌ఎస్‌ఎస్ డ్రిల్లులు 2.5, 3.3, 4.2, 5, 6.8. సన్నవి రెండేసి తీసుకోండి, విరిగేవి అవే.

రెండో నెల: ఎం4, ఎం5, ఎం6 టాప్ సెట్లు, ఒక చిన్న ‘టీ’ హ్యాండిల్, కటింగ్ ఆయిల్. ఎం3, ఎం8 పని పడినప్పుడే.

మూడో నెల: ఎం6 ఇన్సర్టు కిట్. 3డీ ప్రింటర్ ఉంటే ఎం3 ఇత్తడివి. దగ్గర్లో హార్డ్‌వేర్ షాపులో విడి సైజులు దొరక్కపోతే సికింద్రాబాద్ రాణీగంజ్ ఒక చుట్టు చుట్టి రండి.

చివరగా ఒక అలవాటు. బోల్టు బిగించేటప్పుడు ముందు చేతి వేళ్ళతో మూడు చుట్లు తిప్పండి. సాఫుగా దిగితేనే పానా పట్టుకోండి. 8.8 అని రాసి ఉన్న మామూలు ఎం6 ఉక్కు బోల్టుకి దాదాపు 10 న్యూటన్ మీటర్లు చాలు, అల్యూమినియంలో అయితే బండి మాన్యువల్‌లో ఉన్న అంకె దాటొద్దు. పొట్టి పానాని మధ్యలో పట్టుకుని మణికట్టుతో బిగిస్తే సరిపోయేంత బలం అది. ఈ ఒక్క అలవాటు ఉంటే పైన చెప్పిన ఇన్సర్టు కిట్ మూత మీరు ఏళ్ళ తరబడి తీయక్కర్లేదు.